సెలయేరు లేని ఊరిని వర్ణించడం: పిల్లల రాతలో ఇంద్రియ వివరాలు

రాయలసీమ బడుల్లో నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలను 'మా ఊరు' గురించి పది వాక్యాలు రాయమంటే, వారిలో చాలామంది ఒకే ఊరి గురించి రాస్తారు. ఆ ఊళ్ళో పచ్చని పైరులు గాలికి తలలూపుతుంటాయి, సెలయేళ్ళు గలగలా పారుతుంటాయి, మామిడి కొమ్మ మీద కోయిల కూస్తుంటుంది, ప్రజలందరూ కలిసిమెలిసి జీవిస్తుంటారు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. దేశంలో వాన తక్కువగా పడే జిల్లాల్లో అది ఒకటి. కడప జిల్లాలో పెన్నానది ఏడాదిలో చాలా నెలలు ఇసుకగానే కనిపిస్తుంది. బడికి వచ్చే దారిలో ఎండిన వంకను (వాగును) దాటి వచ్చిన పిల్లవాడే నోటుపుస్తకంలో సెలయేటిని పారిస్తాడు. అతడు అబద్ధం చెప్పాలనుకోలేదు. వర్ణన అంటే ఇలాగే ఉండాలని పాఠాలు, గైడు పుస్తకాలు, ముందు తరగతుల వారి నోటుపుస్తకాలు అతడికి నేర్పాయి. తాను చూసినదానికి వర్ణనలో చోటుంటుందన్న సంగతి అతడికి ఎవరూ చెప్పలేదు.

దీనికి విరుగుడుగా 'పంచేంద్రియాలతో రాయండి' అనే సూచన తరగతి గదుల్లో బాగా వాడుకలోకి వచ్చింది. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం అని ఐదు గడులు గీస్తాడు. పిల్లలు ఒక్కో గడిలో ఒక్కో వాక్యం నింపుతారు. 'కళ్ళతో చెట్లను చూశాను. చెవులతో పక్షుల కూత విన్నాను. ముక్కుతో పూల వాసన పీల్చాను.' సూచన మంచిదే కాని, ఫలితం మళ్ళీ ఎవరి ఊరూ కాని ఊరే అవుతుంది. ఇంద్రియ వివరమంటే ఏమిటి, ఇంద్రియాలు నిజంగా ఎలా పనిచేస్తాయి, మన భాష అందులో ఎంతవరకు తోడ్పడుతుంది, దొరికిన వివరాల్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న వేర్వేరు విషయాలను ఆ ఒక్క సూచన ముడివేసి పిల్లల చేతిలో పెడుతుంది. పెద్దలకే సులువు కాని ఆ ముడిని పిల్లలు విప్పలేకపోవడంలో వింత లేదు.

ముందుగా వివరం సంగతి చూద్దాం. ఉగ్గాని అంటే బొరుగులను (మరమరాలను) నానబెట్టి చేసే రాయలసీమ ఉపాహారం. 'ఉగ్గాని చాలా బాగుంది' అన్నది తీర్పు. 'ఆదివారం పొద్దున మేము ఉగ్గాని, బజ్జీ తిన్నాము' అన్నది సమాచారం. 'నానిన బొరుగులను అమ్మ గుప్పిట్లో పిండితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి' అన్నది వివరం. తీర్పులో రచయిత మాత్రమే ఉంటాడు. అతడికి బాగుందని మనం నమ్మాలి, అంతకుమించి చేయగలిగింది లేదు. వివరంలో పాఠకుడికి కూడా పని ఉంటుంది, ఆ గుప్పిటను అతడు తన చేతికి తగిలించుకుంటాడు. పిల్లలు తీర్పులు చెప్పకూడదని దీని అర్థం కాదు. 'బాగుంది' అనే హక్కు వాళ్ళకు ఉంది. ఎందుకు బాగుందో పాఠకుడికి అందేలా ఒక్క ఆధారమైనా పక్కన పెట్టడమే వర్ణన చేసే పని. 'చాలా', 'ఎంతో', 'అద్భుతంగా', 'కన్నుల పండువగా' అన్న మాటలు ఆ ఆధారం లేని చోటనే గుంపుగా చేరతాయి.

ఇది పడమటి నుంచి వచ్చిన కొత్త బోధన పద్ధతేమీ కాదు. సంస్కృత ఆలంకారికుడు దండి తన 'కావ్యాదర్శం'లో అర్థాలంకారాలను స్వభావోక్తితోనే మొదలుపెట్టాడు. ఉపమ, రూపకం ఆ తరువాతే వస్తాయి. ఒక జంతువో, శిశువో, వస్తువో తన సహజ స్థితిలో ఎలా ఉంటుందో, ఎలా కదులుతుందో కళ్ళకు కట్టేటట్టు చెప్పడమే స్వభావోక్తి. మరోవైపు ప్రబంధాల్లో నగరం, సముద్రం, పర్వతం, ఋతువు, చంద్రోదయం వంటి అష్టాదశ వర్ణనలు ఉండి తీరాలన్న నియమం కూడా మన సంప్రదాయంలోనే ఉంది. మహాకవుల చేతుల్లో ఆ జాబితా కావ్యమైంది. తక్కినవారి చేతుల్లో జాబితాగానే మిగిలింది. మన బడి వ్యాసానికి జాబితా వారసత్వంగా వచ్చింది, స్వభావోక్తి అలంకార పాఠంలో నిర్వచనంగా, రెండు మార్కుల ప్రశ్నగా ఉండిపోయింది.

ఇక ఇంద్రియాల సంగతి. చూపు మిగతా వాటిని కమ్మేస్తుంది కాబట్టి పిల్లల రాతలో ఎక్కువగా రంగులూ ఆకారాలే ఉంటాయి. పరీక్షల్లో 'బొమ్మను చూసి రాయండి' అని అడగడం ఈ అలవాటును మరింత బిగిస్తుంది, ఎందుకంటే బొమ్మకు వాసన లేదు, బరువు లేదు, వేడి లేదు. తరగతికి బొమ్మ బదులు వస్తువు తెస్తే సగం చిక్కు తీరుతుంది. అనంతపురం ప్రాంతంలో అందుకు బుడ్డల (వేరుశనగ కాయల) కంటే చౌకైనది, చేతికందేది మరొకటి లేదు. పచ్చికాయ పొట్టుకు ఎర్రమట్టి అంటుకుని ఉంటుంది, వలిస్తే గోటి కింద మట్టి చేరుతుంది, లేత గింజ నొక్కితే పాలు కారినట్టు తడిగా ఉంటుంది. ముదిరిన కాయను వలిస్తే పొట్టు లోపలి వైపు నల్లబడి ఉంటుంది, పంట పీకడానికి వచ్చిందో లేదో రైతులు చూసుకునే గుర్తుల్లో అదొకటి. ఎండిన కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. సెలయేటికి అరువిచ్చిన ఆ మాట మెట్ట ప్రాంతపు పిల్లకు సొంతంగా దక్కేది ఇక్కడే.

రుచి దగ్గర మన సంప్రదాయానికీ శరీరశాస్త్రానికీ ఒక ఆసక్తికరమైన తేడా ఉంది, అది రాసేవారికి బాగా పనికొస్తుంది. ఉగాది పచ్చడితో పిల్లలకు ఆరు రుచులు తెలుసు. నాలుక గుర్తించే మౌలిక రుచులుగా శాస్త్రజ్ఞులు చెప్పేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, వీటితో పాటు 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా గుర్తించిన ఉమామి (మాంసపు రసంలో తెలిసేలాంటి కమ్మని రుచి). కారం ఆ జాబితాలో లేదు. మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం వేడినీ నొప్పినీ పసిగట్టే నరాల గ్రాహకాలను రేపుతుంది, అందుకే కారం నాలుకకే కాదు, మిరపకాయలు దంచిన చేతికీ, పొరపాటున ఆ చేయి తగిలిన కంటికీ తెలుస్తుంది. వగరు కూడా చాలావరకు స్పర్శే. వగరు పదార్థాల్లో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేయడం వల్ల నోరు బిరుసెక్కినట్టు ఉంటుంది. కాబట్టి 'ఎర్రకారం పూసిన దోసె చాలా కారంగా ఉంది' అని ఆగిపోయే పిల్లవాడిని, ఆ కారం ఒంట్లో ఎక్కడెక్కడ తెలిసిందని అడగవచ్చు. పెదవులు మండాయని, ముక్కు కారిందని, చెవులు వేడెక్కాయని, నీళ్ళు తాగినా తగ్గలేదని అతడు చెబుతాడు. ఈ నాలుగూ అతడికి ముందే తెలుసు, అవి రాయదగినవని మాత్రమే తెలియదు.

మనం రుచి అనుకునేదానిలో పెద్ద భాగం నిజానికి వాసన. ముక్కు మూసుకుని చిన్న చిక్కీ ముక్క నమిలితే తీపి తెలుస్తుంది కాని వేయించిన గింజల కమ్మదనం తెలియదు. ముక్కు వదిలిన క్షణంలో అది ఒక్కసారిగా వస్తుంది. మధ్యాహ్న భోజనంతో పాటు చిక్కీ ఇచ్చే బడుల్లో ఈ ప్రయోగానికి ఖర్చు లేదు, వేరుశనగ పడని పిల్లలుంటే ఏలకులు దంచి కలిపిన బెల్లంతో చేయవచ్చు. దాని తరువాత వెంటనే రెండు వాక్యాలు రాయించాలి. మరునాడు రాయిస్తే మళ్ళీ 'చిక్కీ ఆరోగ్యానికి మంచిది' అన్న వాక్యం వచ్చేస్తుంది.

వాసన మెదడుకు చేరే దారి కూడా మిగతా వాటికి భిన్నమైనది. చూపు, వినికిడి, స్పర్శ సంకేతాలు థలామస్ అనే భాగం గుండా సాగుతాయి. వాసన సంకేతాలు మొదట అక్కడ ఆగకుండా, భావోద్వేగాలకూ జ్ఞాపకాలకూ సంబంధించిన భాగాల దగ్గరికి సూటిగా వెళతాయి. ఏదో వాసన తగలగానే ఎప్పటిదో ఒక ఇల్లు, ఒక మనిషి గుర్తుకురావడానికి ఇదొక కారణమని భావిస్తారు. కాబట్టి జ్ఞాపకం నుంచి రాయించేటప్పుడు 'అవ్వగారి ఊరు ఎలా ఉంటుంది' అని అడగడం కంటే 'అవ్వ ఇంట్లో అడుగు పెట్టగానే ఏం వాసన వస్తుంది' అని అడగడం మేలు. కట్టెల పొగ వాసన అనో, కోళ్ళగంప వాసన అనో, కొత్తగా కాచిన నెయ్యి వాసన అనో జవాబు మొదలవుతుంది, ఆ తరువాత మిగతా ఇల్లు దానంతట అదే వెంట వస్తుంది.

తొలకరి వాసనను ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో మెట్ట ప్రాంతపు పిల్లలే ధనవంతులు. ఎండాకాలమంతా మొక్కల నుంచి వెలువడే నూనెలు రాళ్ళకూ మట్టికీ పట్టి ఉంటాయని, వాన పడినప్పుడు అవి గాలిలోకి వస్తాయని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1964లో వివరించారు. దానికి తోడు నేలలోని స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఉంది. గాలిలో లక్ష కోట్ల పాళ్ళకు కొన్ని పాళ్ళున్నా మనిషి ముక్కు దాన్ని పసిగడుతుంది. చినుకు మట్టిని తాకినప్పుడు దాని కింద చిక్కిన గాలి బుడగలై పైకి చిట్లి, ఆ పదార్థాలను సన్నటి తుంపరగా వెదజల్లుతుందని, కుండపోత కంటే చిరుజల్లులోనే ఇది ఎక్కువగా జరుగుతుందని 2015లో వేగవంతమైన కెమెరాలతో చూపించారు. నెలల తరబడి ఎండిన కదిరి చేలలో, ధర్మవరం వీధుల్లో తొలిచినుకుకు లేచే వాసన ఎందుకంత ఘాటుగా ఉంటుందో, వాన జోరందుకున్నాక అదెందుకు తగ్గుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. 'వాన వల్ల రైతులు సంతోషించారు' అన్న వాక్యానికి ముందు ఈ ఒక్క క్రమాన్ని, అంటే మబ్బు, దుమ్ముగాలి, నాలుగు చినుకులు, వాసన, ఆ తరువాత అసలు వాన అన్న వరుసను గమనించి రాయగలిగిన పిల్లకు విడిగా వర్ణన పాఠం చెప్పనక్కరలేదు.

స్పర్శను 'మెత్తగా', 'గరుకుగా' అన్న రెండు మాటలకే కుదించడం మరో పొరపాటు. వేడి, చల్లదనం, బరువు, నొప్పి, దురద, ఒంటి తూకం, ఆకలి, దప్పిక, ఇవన్నీ శరీరం మనకు చెప్పే సంగతులే. అయిదు గడుల పట్టికలో వీటిలో కొన్నిటికి చోటే లేదు. కడప బండలు పరిచిన వసారా తెల్లవారుజామున అరికాలికి చల్లగా తగులుతుంది, మిట్టమధ్యాహ్నం అదే బండ మీద కాలు నిలవదు, సాయంత్రం నీళ్ళు చల్లితే వేడి ఆవిరి ముఖానికి కొడుతుంది. ఒకే వస్తువు మూడు వేళల్లో మూడు విధాలుగా తెలియడం పిల్లలకు ఇచ్చే అభ్యాసాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఎందుకంటే ఇందులో విశేషణాలు వెతుక్కోవలసిన పని లేదు, మార్పును పట్టుకుంటే చాలు. మొదట్లో చెప్పిన ఎండిన వంకను కూడా ఇలాగే రాయించవచ్చు. 'మధ్యాహ్నం వంక ఇసుకలో నడిస్తే కాలు చుర్రుమంటుంది. మోచేతి లోతు చెలమ తవ్వితే ఇసుక తడిగా, చల్లగా తగులుతుంది. కాసేపు ఆగితే అడుగున నీళ్ళు ఊరతాయి, మొదట అవి బురదగా ఉంటాయి.' ఇందులో ఒక్క అలంకారమూ లేదు, అయినా ఈ వంక మరొకరి వంక కాదు.

పై వాక్యంలోని 'చుర్రుమంటుంది' అన్న మాట మన భాష చేసే సాయానికి మంచి ఉదాహరణ. అనుభవాన్ని ధ్వనిగా మార్చి చెప్పే జంటమాటలు తెలుగులో లెక్కలేనన్ని ఉన్నాయి, అవి శబ్దానికే పరిమితం కాదు. తళతళ, నిగనిగ చూపుకు చెందినవి, ఘుమఘుమ వాసనకు, చిమచిమ, చురచుర చర్మానికి. నీళ్ళు సలసల కాగుతాయి, ఎసట్లో బియ్యం కుతకుత ఉడుకుతుంది. పొయ్యి మీద ఏమున్నదో చూడకుండానే చెప్పగలిగే తేడా అది. అయితే ఈ సంపదలోనే ఉచ్చు కూడా ఉంది. సెలయేరు అనగానే గలగల, నక్షత్రం అనగానే మిలమిల, పిచ్చుక అనగానే కిచకిచ అని జతలు బిగుసుకుపోయాక పిల్లవాడి చెవి ఇక వినడం మానేస్తుంది, చేయి అలవాటుగా రాసుకుపోతుంది. దీనికి విరుగుడు కూడా భాషలోనే ఉంది. ఏ చప్పుడుకైనా 'మని' చేర్చి కొత్త మాట కట్టుకునే వీలును తెలుగు ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. బేతంచెర్లలో రాళ్ళు కోసే యంత్రం ఏమని అరుస్తుంది, నీళ్ళు పోసినప్పుడు ఆ అరుపు ఎలా మారుతుంది, సంగటి ముద్దను నెయ్యి రాసిన పళ్ళెంలో వేస్తే ఏ చప్పుడవుతుంది అని అడిగి, నిఘంటువులో లేని మాటనైనా రాయనిస్తే, పిల్లలు ముందు నవ్వుతారు, తరువాత నిజంగా వింటారు.

ఇంటి మాటల విషయంలో కూడా ఇదే ఉదారత అవసరం. బొరుగులను మరమరాలుగా, బుడ్డలను వేరుశనగలుగా దిద్దే ఎర్రసిరా, వాటితో ముడిపడిన వాసననూ చప్పుడునూ కూడా కొట్టేస్తుంది. పరీక్షల్లో మార్కులు పోతాయన్న భయం అర్థం చేసుకోదగినదే; వాక్య నిర్మాణాన్ని ప్రామాణిక భాషలో ఉంచి, వస్తువుల పేర్లను మాత్రం ఇంట్లో పిలిచినట్టే ఉంచితే ఆ భయానికి పెద్దగా ఆస్కారం ఉండదు.

ఇప్పటిదాకా చెప్పింది పోగుచేయడం గురించి. అసలు కష్టం ఆ తరువాత మొదలవుతుంది. ఉగ్గాని గురించి ఒక పిల్ల ఇలా రాసిందనుకుందాం: 'ఉగ్గాని పసుపు రంగులో ఉంది. తాలింపు చిటపటలాడింది. నిమ్మకాయ వాసన వచ్చింది. మెత్తగా తగిలింది. పుల్లగా, కారంగా ఉంది.' అయిదు ఇంద్రియాలూ హాజరయ్యాయి, పూర్తి మార్కులు కూడా వస్తాయి, కాని ఏ వాక్యమూ గుర్తుండదు, ఎందుకంటే ఉగ్గాని తినని వాడు కూడా వీటిలో సగం ఊహించి రాయగలడు. అదే పిల్ల, 'పొడి బొరుగులు గుప్పెడు తీసుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది. తడిపి పిండాక ఆ గుప్పెడే బరువెక్కుతుంది. నమిలితే ఇక చప్పుడు రాదు, చప్పుడంతా పక్కనున్న బజ్జీదే' అని రాస్తే రెండు ఇంద్రియాలతోనే పని జరిగిపోతుంది. జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో తొలకరి పడ్డాక జనం వజ్రాల కోసం నేలను వెతుకుతూ నడుస్తారు. రాళ్ళన్నీ ఏరుకుని ఇంటికి తెచ్చుకోరు. వివరాల ఎంపిక కూడా అలాంటిదే. బయటివాడు ఊహించలేనిది ఏదో, కళ్ళముందే మారినది ఏదో, రాసేవారు నిలుచున్న చోటు నుంచి మాత్రమే తెలిసేది ఏదో, దానికోసం వెతకమని పిల్లలకు చెప్పవచ్చు. తక్కినది ఎంత నిజమైనా వదిలేయడం నేర్పాలి. పిల్లలకు ఇది బాధగా ఉంటుంది, రాసింది కొట్టేయమంటే ఎవరికైనా అంతే.

నిలుచున్న చోటు అన్నది ముఖ్యమైన సంగతి. ఉమ్మడి కర్నూలు జిల్లాలోని బెలుం గుహలకు విహారయాత్రగా వెళ్ళివచ్చిన పిల్లలు సాధారణంగా 3,229 మీటర్ల పొడవని, దేశంలోని పొడవైన గుహల్లో ఒకటని, చాలా అద్భుతంగా ఉన్నాయని రాస్తారు. మొదటి రెండూ అక్కడి సమాచారం, మూడోది తీర్పు. అదే పిల్లలను మెట్లు దిగడం నుంచి శరీరం వెంట నడిచి రాయమంటే కథ మారుతుంది: పైనున్న ఎండ ఎక్కడ ఆగిపోయింది, లోపల ఉక్క ఎక్కడ మొదలైంది, చొక్కా ఎప్పుడు వీపుకు అంటుకుంది, ఎక్కడ తల వంచవలసి వచ్చింది, ముందు నడిచేవారి మాట ఎలా వినిపించింది, నేలమట్టానికి 46 మీటర్ల లోతున పాతాళగంగ దగ్గర నీటి చప్పుడు ముందు తెలిసిందా, నీరు ముందు కనిపించిందా. చూపు సగమే పనిచేసే చోటు కాబట్టి అక్కడ చెవీ చర్మమూ వాటంతట అవే మేలుకుంటాయి. సప్తస్వర గుహలో వేలాడే రాతి ఊడలను తడితే లోహపు ధ్వని వస్తుందని పిల్లలు ఉత్సాహపడతారు. వేల ఏళ్ళుగా పేరుకున్న ఆ రాళ్ళను తట్టకుండా, మాట్లాడినప్పుడు తమ గొంతుకే అక్కడ ఏమైందో వినమనడం గుహకూ మంచిది, రాతకూ మంచిది.

వయసును బట్టి అడిగేది మారాలి. ఒకటి, రెండు తరగతుల పిల్లలతో రాయించడం కంటే మాట్లాడించడం సరైనది. మారియా మాంటిస్సోరి తన తొలి పాఠశాలను 1907లో రోములో ప్రారంభించింది, 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఇక్కడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఆమె పద్ధతిలో ఊపితే వేర్వేరు చప్పుళ్ళు చేసే మూతడబ్బాలు, కళ్ళకు గంతలు కట్టుకుని జతపరిచే గుడ్డముక్కలు ఉంటాయి. ఒకసారికి ఒక్క ఇంద్రియాన్నే పనిచేయించడం వాటి వెనుకనున్న ఆలోచన. కొర్రలు, కందులు, బుడ్డలు, ఇసుక వేసిన నాలుగు డబ్బాలతో ఏ పల్లెబడిలోనైనా ఇది సాధ్యమే. మూడు నుంచి ఐదు తరగతుల వారు ఒక్క ఇంద్రియంతో మూడు వాక్యాలు రాయగలరు. ఎంపిక, తీసివేత ఆరో తరగతి తరువాత నేర్పితే చాలు.

చూపు లేని పిల్ల, వినికిడి లేని పిల్లవాడు ఉన్న తరగతిలో 'అయిదూ ఉండాలి' అన్న నిబంధన అన్యాయం కూడా. చూపు లేని పిల్ల బస్టాండును ఊదుబత్తి, డీజిల్, బత్తాయి తొక్కల వాసనలతో, కండక్టర్ల కేకలు వచ్చే దిక్కుతో వర్ణిస్తే అది లోపమున్న వర్ణన కాదు, నా దృష్టిలో తరగతి మొత్తానికి చదివి వినిపించవలసిన వర్ణన.

దిద్దేటప్పుడు 'ఇంకా వర్ణించు' అని రాయడం వల్ల పిల్లలు విశేషణాలను రెట్టింపు చేస్తారు. ప్రశ్న రాస్తే వాక్యం వస్తుంది: 'బస్సు ఆగినప్పుడు దుమ్ము ఎటు లేచింది?', 'తాత చేయి పట్టుకుంటే ఎలా ఉంటుంది?' ఒక్క వ్యాసానికి ఒక్క ప్రశ్న చాలు, దానికి జవాబును పక్క మార్జిన్‌లో రాయించి, తరువాత సరైన చోట చేర్పించవచ్చు.

చివరగా పరీక్షలో వచ్చే చిక్కు ఒకటి మిగిలింది. 'సముద్ర తీరాన్ని వర్ణించండి' అన్న ప్రశ్న కర్నూలు, అనంతపురం, కడప పిల్లలకూ వస్తుంది; వారిలో చాలామంది సముద్రాన్ని టీవీలోనే చూశారు. అప్పుడు గైడులోని 'ఎగసిపడే కెరటాలు' తప్ప మరో దారి లేదనుకోనక్కరలేదు. కాలి కింద జారే ఇసుక పెన్నా ఒడ్డున తెలుసు. గట్టుకు నీళ్ళు కొట్టుకునే చప్పుడు నిండిన చెరువు దగ్గర తెలుసు. ఉప్పునీరు కంట్లో పడితే ఎలా ఉంటుందో చెమట పట్టిన ప్రతి పిల్లకూ తెలుసు. తెలిసిన ఈ మూడింటితో రాసి, తెలియని నాలుగోదాన్ని 'ఎదుటి ఒడ్డు కనిపించదట' అని విన్నట్టుగానే రాయనిస్తే సరిపోతుంది. దిద్దేవారు ఆ 'అట'కు మార్కు తగ్గించకపోతే చాలు.